కుంకుడు రసానికి పేటెంటు, అందులో మరిది పేరు

అనకాపల్లి నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. ముప్పై ఎనిమిదేళ్లు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పరవాడ వైపు ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబులో నాలుగేళ్లు పనిచేశారు. రెండో బాబు పుట్టాక మానేసి ఏడేళ్లయింది. అత్తగారికి అంట్ల సబ్బు పడక వేళ్ల సందుల్లో పగుళ్లు వచ్చి రక్తం కారుతుంటే, ఆవిడ కోసం కుంకుడు రసంతో గిన్నెలు తోమే లిక్విడ్ చేయడం మొదలుపెట్టారు. మొదట్లో రెండో రోజుకే పులిసి కంపు కొట్టేది, నల్లబడేది, అడుగున మడ్డి దిగేది. కొబ్బరినూనె నుంచి తయారయ్యే ఒక మెత్తటి సర్ఫ్యాక్టెంటు (జిడ్డు వదిలించే పదార్థం) కలిపాక జిడ్డు బాగా వదిలింది గానీ మడ్డి సమస్య తీరలేదు. రెండేళ్లలో అరవై మూడు ట్రయల్స్ చేశారు, మూడు నోటుబుక్కులు నిండాయి. ఎనిమిది నెలల కిందట రసం తీసే పద్ధతిలోనే ఒక మార్పు చేశారు. ఆ రోజు పట్టిన సీసా ఇవాళ్టికీ తేనె రంగులో, వాసన లేకుండా నిలిచి ఉందట.

పాత రకాన్ని పక్క అపార్టుమెంట్లకూ ఒక లేడీస్ హాస్టలుకూ ఏడాది పైగా అమ్మారు. మూడు నెలలుగా కొత్త రకం అమ్ముతున్నారు. నెలకు నూటయాభై సీసాలు పోతున్నాయి. ఇక చిక్కులు. ఏడాది కిందట ఆడపడుచు కూతురు "మా అత్త ఇంట్లో చేసే కుంకుడు లిక్విడ్" అని వీడియో తీసి యూట్యూబులో పెట్టింది. విజయవాడ డిస్ట్రిబ్యూటరు ఒకాయన ఐదు జిల్లాలకు సరుకు తీసుకుంటానంటున్నాడు కానీ "టెస్టింగుకు" ఫార్ములా మొత్తం కాగితం మీద రాసివ్వమంటున్నాడు. మరిది ఆరు లక్షలు పెడతానంటున్నాడు, పేటెంటులో తన పేరూ ఇన్వెంటరుగా ఉండాలంటున్నాడు. విశాఖలో ఒక కన్సల్టెంటు లక్షన్నర కడితే "గ్యారంటీగా వరల్డ్ పేటెంట్" తెప్పిస్తానన్నాడు. భర్త మాత్రం "ఇదంతా మనవల్ల అయ్యే పని కాదు, పెద్ద కంపెనీవాడు కాపీ కొడితే కోర్టుకెళ్తామా?" అని పేపరు తిరగేస్తున్నాడు. "పేటెంటు తీసుకోవాలా, వద్దా? తీసుకుంటే ఎవరి పేరు మీద? కాదంటే ఇంట్లో మాట ఎలా చెప్పాలి?" ఇదీ ఆవిడ అడిగింది.

అమ్మా,

మీ ఉత్తరంలో నాలుగో పేజీ చించి పక్కన పెట్టాను. రసం తీసేటప్పుడు ఏం కలుపుతారో, ఎన్ని గంటలు ఉంచుతారో, ఎంత వేడి చేస్తారో అంతా అందులో ఉంది. అది ఇక్కడ అచ్చయితే మీరు అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడే వచ్చేసేది: ఇక పేటెంటు రాదు. దరఖాస్తు తేదీకి ముందే ఒక విషయం లోకానికి తెలిసిపోతే, ఆ తెలియజేసింది మీరే అయినా సరే, అది కొత్తది కాదు. అమెరికాలో కనిపెట్టినవాళ్లు తామే బయటపెట్టుకుంటే ఏడాది గడువు ఉంది. మన చట్టంలో అంత ఉదారం లేదు. ప్రభుత్వం గెజిట్లో ప్రకటించిన ప్రదర్శనలో పెట్టడం, బయట పెట్టక తప్పని ప్రయోగం కోసం వాడి చూడటం లాంటి కొద్ది సందర్భాల్లోనే పన్నెండు నెలల మినహాయింపు ఇస్తుంది. మీరు డ్వాక్రా బజారులో వేసిన స్టాలు అందులోకి వస్తుందనుకోకండి.

కాబట్టి ముందు చేయాల్సిన పని నోరు కట్టుకోవడం. నాకు కూడా కొలతలు రాయకూడదు.

ఇప్పుడు అసలు విషయం. ఉత్తరమంతా మీరు "నా ఫార్ములా" అంటున్నారు. ఆ మాట కింద రెండు వేర్వేరు వస్తువులున్నాయి, వాటి దారులూ వేరు. ఒకటి మిశ్రమం: కుంకుడు సారం, మెత్తటి సర్ఫ్యాక్టెంటు, పులుపు, ప్రిజర్వేటివ్ (పాడవకుండా కాపాడేది), నీళ్లు. రెండోది రసాన్ని తేర్చే పద్ధతి. మొదటిదాని గురించి నాలుగు పేజీలు రాశారు, రెండోదాన్ని "చిన్న చిట్కా" అని ఒక్క పేరాలో తేల్చేశారు. నా లెక్కలో మీరు కనిపెట్టిందంటూ ఉంటే అది ఆ చిట్కాయే.

ఎందుకంటారా? మన పేటెంటు చట్టంలో సెక్షన్ 3 అని ఒకటుంది, ఏవేవి కనిపెట్టడం కిందికి రావో చెప్పే జాబితా. అందులో 3(ఇ) ప్రకారం రెండు మూడు పదార్థాలు కలిపినప్పుడు వాటి వాటి గుణాలే కూడి వస్తే అది ఉట్టి కలగలుపు. కుంకుడుకు నురగ వస్తుంది, సర్ఫ్యాక్టెంటు జిడ్డు తీస్తుంది, రెండూ కలిపితే నురగా వచ్చి జిడ్డూ పోయింది అంటే దరఖాస్తును పరీక్షించే అధికారి, ఎగ్జామినరు, "సంతోషం" అని ఫైలు మూసేస్తాడు. 3(పి) ఇంకా సూటిది: సంప్రదాయ జ్ఞానానికీ, అందులో తెలిసిన గుణాల కలయికకూ పేటెంటు లేదు. కుంకుడు రసంతో తల రుద్దుకోవడం, పట్టుచీరలు ఉతకడం, కంసాలి దుకాణంలో నగలు కడగడం మన ముత్తవ్వల నాటి సంగతి. దాంతో గిన్నె తోమితే కొత్తేముంది అంటారు.

ఆ 3(పి) మీద కోపం తెచ్చుకోకండి. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంటు సంపాదిస్తే, మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి పోరాడి 1997లో రద్దు చేయించింది. వేప నూనెతో బూజు నివారణ మీద ఐరోపాలో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది, అప్పీలు కూడా 2005లో వీగిపోయింది. ఇలాంటి పోరాటాల నేపథ్యంలోనే సంప్రదాయ జ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా పేర్చి పరదేశాల పేటెంటు ఆఫీసులకు కూడా అందుబాటులో పెట్టారు. పరాయివాడు మన పెరట్లో చెట్టు ఎత్తుకుపోకుండా కట్టిన కంచె అది. ఇప్పుడు మన చీర కొంగు కూడా దానికే తగులుకుంటోంది, అంతే.

కానీ "కుంకుడు రసాన్ని ఫలానా విధంగా తేర్చితే నెలల తరబడి నల్లబడదు, పులియదు, మడ్డి దిగదు" అనేది మా అమ్మమ్మకు తెలియదు. తెలిస్తే ప్రతి తలంటుకీ కాయలు కొట్టి నానబెట్టి మరగబెట్టేది కాదు. పాత సమస్యకు, ఆ పనిలో ఉన్నవాళ్లకు తట్టని పరిష్కారం అయితే అది వాదించదగిన పేటెంటు. ఇంతకు ముందు ఎవరూ చేయలేదా అనేది మాత్రం వెతికి చూడాలి. భారతీయ పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో ఇన్‌పాస్ అనే ఉచిత శోధన ఉంది. ఐరోపా వాళ్ల ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్ కూడా ఉచితమే. ఊరికే "సోప్‌నట్" అని కొడితే వేలు వస్తాయి. డిటర్జెంట్ల తరగతి సీ11డీ, సౌందర్య సాధనాల తరగతులు ఏ61కే 8, ఏ61క్యూ. ఈ గుర్తులతో పాటు కుంకుడు శాస్త్రీయ నామం "సపిండస్", దాంట్లో నురగనిచ్చే "సపోనిన్" కలిపి వెతకండి. రాత్రి పిల్లలు పడుకున్నాక వారం రోజులు కూర్చుంటే పట్టుబడుతుంది. కన్సల్టెంటుకు పైసా కట్టక ముందు చేయాల్సిన పని ఇది. వెతికి చూసి "అయ్యో, చైనావాడు ఎప్పుడో చేసేశాడు" అని తేలినా నష్టం లేదు, లక్షన్నర మిగులుతుంది.

మీ ఆడపడుచు కూతురి వీడియో చూశాను. భయపడ్డంత లేదు. అందులో ఉన్నది ఏడాది కిందటి పాత పద్ధతి. మార్పు మీకు తట్టింది ఎనిమిది నెలల కిందట. పాత పద్ధతి లోకానికి పోయింది, దాన్ని ఇక తిరిగి పట్టుకోలేరు. కొత్తది అందులో లేదు. ఆ పిల్లను తిట్టకండి, వీడియో తీసేయమనడం కూడా అనవసరం. దాని తేదీ, నిడివి, అందులో ఏమేం కనబడుతోందో రాసి పెట్టుకోండి. మీ పాత పద్ధతి ఏదో, కొత్తది ఎక్కడ మొదలైందో రేపు చూపించడానికి అది సాక్ష్యంగా పనికొస్తుంది.

కొత్త రకం మూడు నెలలుగా అమ్మడం మాత్రం కొంచెం ఆలోచించాల్సిందే. సీసా చూసి పద్ధతి తెలుసుకోలేరు కాబట్టి పద్ధతి బయటపడలేదని మనం వాదించవచ్చు. బహిరంగంగా వాడుకలోకి వచ్చేసిందని అవతలివాడూ వాదించవచ్చు. వాదనకు తావున్న ప్రతి చోటా డబ్బు కారుతుంది. దరఖాస్తు పడేదాకా హాస్టలుకు పాత రకమే పంపండి. నెలో రెండు నెలలో మడ్డిని వాళ్లు భరిస్తారు, సీసా ఊపి వాడుకోమనండి.

మీ పాత కంపెనీ గురించి ఒక వాక్యంలో అడిగారు. మానేసిన చాలా కాలానికి, మీ ఇంట్లో, మీ సామానుతో, దానికి సంబంధం లేని పని చేశారు. వాళ్లకు హక్కు ఉండే అవకాశం నాకు కనబడటం లేదు. ఉద్యోగంలో ఉంటూ ఇలాంటివి చేసే మిగతా పాఠకులు మాత్రం అపాయింట్‌మెంట్ లెటరు ఒకసారి బయటకు తీయాలి. ఉద్యోగి కనిపెట్టింది ఎవరిదనేది మన దగ్గర ఎక్కువగా ఆ కాగితమే తేలుస్తుంది.

ఇప్పుడు పేటెంటా, గుట్టా?

పేటెంటు అంటే బహుమతి అనుకుంటారు చాలామంది. అది బేరం. మీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని దాచకుండా రాసివ్వాలి, బదులుగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఇంకెవరూ చేయకుండా ఆపే హక్కు వస్తుంది. 18 నెలలకు దరఖాస్తు ప్రచురిస్తారు, ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు. పేటెంటు వచ్చినా రాకపోయినా చదువుకున్నవాడు చదువుకున్నట్టే. హక్కు వచ్చాక దాన్ని కాపాడటం మీ పని, పోలీసులది కాదు. కోర్టుకు వెళ్లాల్సింది మీరే. మీవారు పేపరు చాటు నుంచి అన్న మాటలో ఆ మేరకు నిజముంది.

మీది పద్ధతి కాబట్టి ఇంకో మెలిక. పక్క జిల్లాలో ఎవడో షెడ్డు వేసి మీ పద్ధతిలోనే రసం తేరుస్తుంటే మీకు తెలిసేదెలా? సీసాలో ఉన్న పదార్థాన్ని యంత్రం పట్టిస్తుంది, గంగాళంలో జరిగినదాన్ని పట్టించడం కష్టం. ఇదే కారణంతో కొందరు పేటెంటు జోలికే పోరు. తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే 1953 నాటిది. ఫార్ములా బయటపెట్టాల్సి వస్తుందని దానికి పేటెంటే తీసుకోలేదు. తీసుకుని ఉంటే ఎప్పుడో గడువు తీరిపోయేది. గుట్టుకు గడువు లేదు. అయితే గుట్టుకు కాపలా కావాలి. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం ఇంకా లేదు, ఒప్పందాల మీదే ఆధారపడాలి. మీ దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలూ రోజూ గంగాళం పక్కనే నిలబడుతున్నారు. ఒకామె రేపు మానేసి వాళ్ల ఊళ్లో మొదలుపెడితే మీరేం చేస్తారు? అసలైన దశను తలుపు వేసుకుని మీరొక్కరే చేయగలిగితే, మిగతా కలపడం, సీసాలు నింపడం వాళ్లకు వదిలేయగలిగితే గుట్టు నిలుస్తుంది. నెలకు నూటయాభై సీసాలకు అది సాధ్యమే. పదిహేను వేలకు?

ఈ రెంటి మధ్య ఇవాళే తేల్చుకోనక్కర లేదు. ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే తాత్కాలిక దరఖాస్తు, అని ఒకటుంది. వ్యక్తిగా ఆన్‌లైనులో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. ఆ తేదీ మీ పేరిట ఖాయమవుతుంది. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ (అన్ని వివరాలూ ఉన్న పత్రం) ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ దరఖాస్తు వదిలేసినట్టు లెక్క, ప్రచురణ కూడా కాదు, గుట్టు గుట్టుగానే ఉండిపోతుంది. అంటే 1,600 రూపాయలకు ఏడాది ఆలోచించుకునే వీలు. ఒక్క హెచ్చరిక: ఆ కాగితంలో ఏం రాశారో దానికే తేదీ దక్కుతుంది. "కుంకుడుతో మంచి లిక్విడ్" అని అరపేజీ రాస్తే ఆ అరపేజీకే. పద్ధతి, అది పనిచేసే వేడి, సమయం, పులుపు ఎంత నుంచి ఎంతవరకు అన్నీ ఉండాలి. కుంకుడు బదులు శీకాయతో చేస్తే ఏమవుతుందో చూసి ఉంటే అదీ రాయాలి. దరఖాస్తు పడ్డాక కొత్త రకం మళ్లీ అమ్ముకోవచ్చు.

పూర్తి దారిలో వెళ్తే పరీక్షకు 4,000, త్వరగా కావాలంటే దాని బదులు 8,000. దరఖాస్తుదారుల్లో మహిళ ఉంటే ఆ త్వరిత పరీక్ష కోరే హక్కు 2019 నుంచి ఉంది. మూడో ఏడు నుంచి ఏటా రెన్యువల్, మొదట్లో 800 రూపాయలు, తర్వాత పెరుగుతూ పోతుంది. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులన్నీ చెన్నై ఆఫీసుకే. కాబట్టి "పేటెంటంటే లక్షలు" అన్నది ప్రభుత్వ ఫీజుల మాట కాదు, రాసిపెట్టే ఏజెంటు ఫీజు మాట. ఆ రాత పనిలో పొదుపు చేయొద్దని మాత్రం నా సలహా. హక్కుల పేరాలో ఒక్క మాట తేడాగా పడితే పక్కవాడు ఆ సందులోంచి బండి తోలుకుపోతాడు. గుర్తింపు పొందిన స్టార్టప్ అయితే ఏజెంటు రుసుము ప్రభుత్వమే భరించే పథకం ఉంది. దానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయో, పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం అనే ఎల్ఎల్‌పీనో, రిజిస్టర్డ్ భాగస్వామ్యమో ఉండాలి, ఒంటరి యజమానికి వర్తించదు. ఇంకోటి, దరఖాస్తులో ఇక్కడి మొక్కల వనరు వాడుతున్నట్టు చెప్పాలి. పేటెంటు చేతికొచ్చేలోపు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు పని కూడా ఉంటుంది. ఏజెంటు ఈ ఊసే ఎత్తకపోతే ఏజెంటును మార్చండి.

లక్షన్నర కన్సల్టెంటు గురించి ఎక్కువ చెప్పను. వరల్డ్ పేటెంటు అనే వస్తువు లేదు. పీసీటీ అని ఒక అంతర్జాతీయ దరఖాస్తు ఉంది, అది మీకు కొంత కాలం కొనిపెడుతుంది. తర్వాత ఏ దేశానికాదేశం ఫీజు కట్టి విడిగా పోరాడుకోవాల్సిందే. గ్యారంటీ ఇవ్వగలిగినవాడు ఎవడూ లేడు, ఎగ్జామినరు కూడా ఇవ్వలేడు. అయినా అనకాపల్లి నుంచి విజయవాడ దాకా అమ్మే సరుక్కి జర్మనీలో హక్కు ఎందుకమ్మా?

ఏ దారి పట్టినా మీ నోటుబుక్కులకు ఇంకా పని ఉంది. "మడ్డి దిగలేదు", "వాసన బాగుంది", "అత్తయ్య బాగుందన్నారు" అని రాసుకున్నారు. మీరు క్వాలిటీ ల్యాబులో చేసినవారు, ఇది చాలదని మీకే తెలుసు. ఎనిమిది నెలలు నిలిచింది ఒకే బ్యాచు. మొక్క రసమూ నీళ్లూ కలిసిన చోట క్రిములకు విందు. పైకి తేటగా ఉన్న సీసాలో కూడా అవి పెరుగుతూ ఉండవచ్చు. మూడు బ్యాచులు పట్టి, 45 డిగ్రీల దగ్గర మూడు నెలలు ఉంచి, నెలనెలా పీహెచ్ (పులుపు కొలత, అది పెరిగితే పులుపు తగ్గినట్టు), రంగు, చిక్కదనం రాయండి. కావాలని క్రిములు వదిలి ప్రిజర్వేటివ్ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష ఒకసారి బయటి ల్యాబులో చేయించండి, సీసా మాత్రమే ఇచ్చి. ప్రిజర్వేటివ్ కింద మీరు సోడియం బెంజోయేట్ వాడుతున్నానన్నారు, పీహెచ్ 5 దాటితే దాని బలం బాగా పడిపోతుంది. మీ రెండో నోటుబుక్కులో పాడైన బ్యాచులన్నీ పీహెచ్ ఎక్కువున్నవేనేమో ఒకసారి వెనక్కి చూసుకోండి. అదే నిజమైతే మీ చిట్కాలో ఎంత చిట్కా ఉందో, ఎంత పులుపు ఉందో విడదీయాలి. ఎగ్జామినరు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

మిశ్రమం మీద కూడా హక్కు కావాలనుకుంటే పళ్లాల లెక్క చేయండి. ఒక్కో స్టీలు పళ్లేనికి ఒకే కొలత నూనె రాసి, కుంకుడు సారం ఒక్కటే ఎన్ని పళ్లాలు తోముతుందో, సర్ఫ్యాక్టెంటు ఒక్కటే ఎన్నో, రెండూ కలిపితే ఎన్నో లెక్కపెట్టండి. మాటవరసకు ఒకటి పది, ఇంకోటి పదిహేను తోమి, కలిపితే ఇరవై ఐదు వస్తే అది కూడిక. నలభై వస్తే 3(ఇ) మీద పోరాడటానికి మీ చేతిలో ఆయుధం ఉన్నట్టు.

మరిది సంగతి.

మీ ఉత్తరంలో సిరా కొంచెం ఒత్తుగా పడింది ఇక్కడే. "వాడు చెడ్డవాడు కాదండీ, చిన్నప్పటి నుంచీ నా చేతి అన్నం తిన్నవాడే" అని రాశారు. చెడ్డవాడని నేనూ అనుకోవడం లేదు. ఆరు లక్షలు పెట్టేవాడు కాగితం మీద తన పేరు చూసుకోవాలనుకోవడం సహజం. అయితే ఏ కాగితం అన్నది చూడాలి.

ఇన్వెంటరు అంటే బుర్ర పెట్టినవాళ్లు. డబ్బు పెట్టినవాళ్లు కారు. చేయనివాడిని చేశాడని ప్రభుత్వానికి రాసివ్వడం అబద్ధపు ప్రకటన. రేపు మీ పేటెంటును కొట్టించాలనుకున్న పోటీదారుకు మీరే కత్తి అందించినట్టు. కాబట్టి ఆ గడిలో మీ పేరొక్కటే. ఇందులో మొహమాటానికి చోటు లేదు, మరిదికి కూడా ఇలాగే చెప్పవచ్చు: "నేను ఒద్దనడం కాదు నాన్నా, చట్టం ఒప్పుకోదు."

"పోనీ, ఓనరుగా నా పేరు పెట్టు" అంటాడు. అది చట్టం ఒప్పుకుంటుంది. కానీ పర్యవసానం చూడండి. సెక్షన్ 50 ప్రకారం ఇద్దరు ఓనర్లుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, ఇద్దరికీ సమాన భాగం. ఇద్దరిలో ఎవరైనా రెండోవాళ్లకు లెక్క చెప్పకుండా, పైసా ఇవ్వకుండా సొంతంగా తయారు చేసుకుని అమ్ముకోవచ్చు. అదే సమయంలో ఎవరూ రెండోవాళ్ల ఒప్పుదల లేకుండా మూడో మనిషికి లైసెన్సు ఇవ్వలేరు. అంటే రేపు మీ ఇద్దరికీ పొసగకపోతే ఆయన పక్క వీధిలో మీ లిక్విడే చేసి అమ్మవచ్చు, మీరు మాత్రం ఒక కంపెనీకి హక్కు ఇచ్చి రాయల్టీ తెచ్చుకోవాలంటే ఆయన సంతకం కోసం నిలబడాలి. ఆయన మంచివాడే కావచ్చు. ఆయన వాటా రేపు ఎవరికి వెళ్తుందో, వాళ్లు ఎలాంటివాళ్లో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

ఇంకో మార్గం ఉంది. పేటెంటు మీ ఒక్కరి పేరు మీద ఉంచి, వ్యాపారానికి ఎల్ఎల్‌పీయో కంపెనీయో పెట్టి, అందులో మరిదికి ఆరు లక్షలకు తగిన వాటా ఇవ్వండి. మీరు ఆ కంపెనీకి లైసెన్సు ఇస్తారు, సీసాకు ఇంత అని మీకు విడిగా వస్తుంది. ఆయన పేరు కంపెనీ బోర్డు మీద, బ్యాంకు పుస్తకం మీద ఉంటుంది. లేదంటే పేటెంటును కంపెనీకే రాసివ్వండి. అప్పుడు ఆయనకు ఇంకా ధీమా ఉంటుంది గానీ, కంపెనీ చెడితే అప్పులవాళ్లు పేటెంటునూ పట్టుకుపోతారు. మూడోది, ఆరు లక్షలూ అప్పుగా తీసుకుని వడ్డీతో తీర్చేయడం. ఇది అన్నిటికన్నా శుభ్రం, కానీ కుటుంబంలో అప్పు ఎంత శుభ్రంగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర లేదు. నాకైతే మొదటిది నచ్చింది. మీ ఇల్లు మీకు తెలుసు. ఒకటి మాత్రం, ఈ మాట మీరొక్కరే వెళ్లి మరిదితో అనకండి. మీవారు పేపరు మడిచి పక్కన కూర్చోవాలి. తమ్ముడితో డబ్బు మాట అన్న నోటి నుంచి రావాలి, లేకపోతే రేపు "వదిన అడ్డం పడింది" అనే మాట మిగిలిపోతుంది.

విజయవాడ డిస్ట్రిబ్యూటరుకు ఫార్ములా అక్కర్లేదు. టెస్టింగుకు కావాల్సింది సీసా. పది సీసాలు పంపి, ల్యాబు రిపోర్టు జత చేయండి. "ఫార్ములా లేకపోతే ఆర్డరు లేదు" అంటే ఆయనకు కావాల్సింది సరుకు కాదని తేలినట్టే. ఆర్డరు పెరిగి బయటి ఫ్యాక్టరీలో చేయించాల్సి వచ్చినా, తేర్చిన సారాన్ని మీరే చిక్కగా చేసి డబ్బాల్లో పంపండి, కలపడం నింపడం వాళ్లు చేస్తారు.

అన్నట్టు, పేరు. "కుంకుడు వాష్" అని పెడతానన్నారు. వద్దు. సరుకు ఏమిటో వర్ణించే మాటను ట్రేడ్‌మార్కుగా ఇవ్వడానికి రిజిస్ట్రీ సామాన్యంగా ఒప్పుకోదు, ఇచ్చినా రేపు ప్రతివాడూ కుంకుడు వాషే అంటాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన బామ్‌కు "తలనొప్పి మందు" అని పెట్టి ఉంటే ఇవాళ మనకు గుర్తుండేదా? అమృతాంజనం అన్నారు. ఆ రోజుల్లో దానికి పేటెంటు ఉండి ఉంటే తీరిపోయి వందేళ్లు అయ్యేది, పేరు ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. మీ అత్తగారి పేరో, మీ ఇద్దరికే తెలిసిన మాటో, సరుకుతో నేరుగా సంబంధం లేనిదేదో ఒకటి వెతకండి. సబ్బులు, డిటర్జెంట్లు, సౌందర్య సాధనాలు ట్రేడ్‌మార్కు మూడో తరగతి. వ్యక్తికి ఆన్‌లైను ఫీజు తరగతికి 4,500. పదేళ్లకోసారి రెన్యువల్ చేస్తూ పోతే ఎంత కాలమైనా మీదే. పేటెంటు దారి పట్టినా, గుట్టు దారి పట్టినా ఇది తప్పదు. నన్నడిగితే ప్రొవిజనల్ కన్నా దీనికే ఎక్కువ తొందరపడాలి.

చివరి పేజీలో అదే లిక్విడ్‌ను హ్యాండ్ వాష్‌గా, తర్వాత షాంపూగా కూడా దించుతానన్నారు. గిన్నెలది ఒక లెక్క, ఒంటికి రాసుకునేది ఇంకో లెక్క. చేతికీ తలకీ వాడేది కాస్మెటిక్. కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు లేకుండా వంటింట్లో తయారు చేసి అమ్మడం చట్టవిరుద్ధం. లేబులు మీద పదార్థాల పేర్లు కూడా వేయాలి, పాళ్లు అక్కర్లేదు. "పేలు చస్తాయి", "క్రిములు చస్తాయి" అని రాశారంటే అది మందు కిందికి పోయి ఇంకో చిక్కు. ముందు అంట్లతోనే ఉండండి.

కుంకుడు కాయ చెట్టుకీ చెట్టుకీ, ఏటికీ ఏటికీ మారుతుంది. మీరు ఎనిమిది నెలలుగా చేసిందంతా నర్సీపట్నం సంతలో ఒకేసారి కొన్న మూడు బస్తాల కాయతోనే అన్నారు. కొత్త కాయ వచ్చాక రెండు వేర్వేరు చోట్ల నుంచి తెప్పించి అదే పద్ధతిలో తేర్చి చూడండి. ఒకటి గిరిజన సహకార సంస్థ నుంచి తెచ్చుకోవచ్చు. ఏమైందో మళ్లీ రాయండి. కొలతలు లేకుండా.